సమ్మమ్మ తాలూకు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లోవాళ్ళే కాదు, రోజూ నన్ను డ్యూటీకి తెచ్చే ఆటో అతను కూడా చెబుతాడు. నిజమే. క్యాజువాలిటీలో ఇరవై రెండేళ్ళు చేసిన నర్సుకు కోపం లేదంటే ఆమె పని సరిగ్గా చేయలేదన్నమాట. కాని ఈ సంగతిలో నా కోపం ఒకరి చెయ్యి విరగ్గొట్టింది, ఇంకొకరిని చావు గుమ్మం దాకా తీసుకుపోయింది. అందుకే నేనే చెబుతున్నాను. వేరేవాళ్ళు చెబితే నన్ను కాస్త మంచిదాన్ని చేసి చెబుతారు.

నా పేరు తాహెరా బేగం. హనుమకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో క్యాజువాలిటీ ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. నాలుగంతస్తులు, అరవై పడకలు. ఓనరు రాజేశ్వర్ రావు గారు డాక్టరు కాదు, ఇనుము వ్యాపారి. షట్టర్ల గురించి తెలిసినంత ఆయనకు స్టెతస్కోపుల గురించి తెలియదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం పదిహేను మంది కలిసి ఒకతన్ని మోసుకొచ్చారు. దారిలోనే పోయాడు. డ్యూటీ డాక్టరు చైతన్య, ఇరవై ఏడేళ్ళ పిల్లాడు, చెయ్యి పట్టి చూసి, కళ్ళలో లైటు వేసి చూసి, "ప్రాణం లేదండీ" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే ఎవడో గోడకున్న ఆక్సిజన్ మీటరు పీకి అతని మొహం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కింద పడ్డవాణ్ణి నలుగురు తన్నారు. సెలైన్ స్టాండుతో ఒకడు వీపు మీద బాదాడు. నేనేం చేశానో చెప్పాలి కదా. డ్రెస్సింగ్ రూములోకి ఉరికి లోపలినుంచి గడియ పెట్టుకున్నాను. బయట ఆ పిల్లాడు విరిగిన దవడతోనే "సిస్టర్, సిస్టర్" అంటున్నాడు. నేను తలుపు తీయలేదు. నోట్లో దుపట్టా కుక్కుకుని, వాళ్ళు వెళ్ళిపోయేదాకా కాటన్ కట్టల మధ్య కూర్చున్నాను.

చైతన్య నన్ను ఒక్క మాట అనలేదు. దవడకు తీగలు కట్టారు కాబట్టి నెలరోజులు ఎవరినీ ఏమీ అనలేదు. తర్వాత కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. నాకు రోజూ అన్నం ముందు కూర్చుంటే ఆ "సిస్టర్, సిస్టర్" వినపడేది. సిగ్గు లోపలే ఉండి ఉండి కోపంగా మారుతుంది. ఇంకోసారి ఎవడైనా చెయ్యెత్తితే ఆ చెయ్యి సంగతి నేను చూస్తానని ఒట్టు పెట్టుకున్నాను.

అంతలో రాజేశ్వర్ రావు గారు మీటింగు పెట్టారు. ఎమర్జెన్సీ వస్తే స్టాఫ్ ఏం చేయాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒక ఏజెన్సీ కుర్రాణ్ణి పిలిపించారు. అతను టై కట్టుకుని వచ్చి రంగులు చెప్పాడు. మంటలకు ఎరుపు, గుండె ఆగితే నీలం, పసిపిల్లలు తప్పిపోతే గులాబి, కొట్లాటకు ఊదా. మైకులో రంగు పేరు చెబితే అందరూ ఉరకాలట. మా సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఖాజా పాషా, ముప్ఫై ఏళ్ళు హోంగార్డుగా చేసి వచ్చినవాడు, అంతా విని చెయ్యెత్తాడు.

"సార్, వంకాయ రంగంటే కొట్లాటనా, పోరగాండ్లు తప్పిపోయిన్రనా?"

వారం రోజులు డ్రిల్లు చేశాం. మైకులో నీలం అంటే నీళ్ళ బకెట్లు పట్టుకొచ్చారు. గులాబి అంటే ఎవరూ కదల్లేదు, ఎవరిదో పుట్టినరోజు అనుకున్నారు. ఇక ఆ పని నాకప్పగించండి సార్ అన్నాను. ఓనరుగారు అప్పగించారు.

రంగుల బదులు ఒక మాట కావాలి. ఆ మాట మామూలుగా ఉండాలి, వింటే బయటివాళ్ళు బెదరకూడదు, మనవాళ్ళకు మాత్రం చురుక్కుమనాలి. పేర్లు ఆలోచిస్తే ఏ పేరు పెట్టినా ఏదో ఒక వార్డులో ఆ పేరుగల అవ్వ ఉండనే ఉంటుంది. అప్పుడు నాకు 'తాలూకు' గుర్తొచ్చింది. సర్కారు దవాఖానలో నేను పని నేర్చుకున్న రోజుల్లో పేషెంటు మనుషుల్ని పిలవడానికి అదే మాట. "ఫలానా ఆమె తాలూకు ఎవలు?" అని అరిస్తే వరండాలో నలుగురు లేచేవాళ్ళు. మా దవాఖానలో ఆ మాట నిషేధం. "తాలూకా ఆఫీసులెక్క ఉంటది, అటెండెంట్ అనాలె" అని ఓనరుగారు మొదటిరోజే ఆర్డరు వేశారు. ఆరేళ్ళుగా మా మైకులో ఆ మాట పలకలేదు.

కాబట్టి ఏర్పాటు ఇది. మైకులో 'అటెండెంట్' అంటే మామూలు పిలుపు. 'తాలూకు' అంటే కొట్లాట. ఏ పేరైనా పెట్టుకోవచ్చు, వెనక తాలూకు వస్తే చాలు. వినగానే ఆరుగురు గార్డులు, నలుగురు వార్డుబాయ్‌లు రిసెప్షన్‌కు ఉరకాలి. రిసెప్షన్ అమ్మాయి షట్టరు బటన్ నొక్కాలి. షట్టరు కొత్తది, ఓనరుగారి షాపుదే, చీమ కూడా దూరదు. ఫిబ్రవరిలో వాళ్ళు సగం మంది వెనక తలుపునుంచే వచ్చారు కాబట్టి దాన్ని వెల్డింగు చేయించాం. కింది అంతస్తు కిటికీలకు ఇనుప రేకులు బిగించాం.

పాత సెలైన్ స్టాండ్లు విరిగినవి స్టోరులో ఉంటే ఖాజా పాషా వాటిని మూరన్నర చొప్పున కోయించి, ఒక చివర గుడ్డ చుట్టించాడు. రిసెప్షన్ కౌంటరు కింద పది పైపులు. ప్రతి గురువారం మూడు గంటలకు డ్రిల్లు. ఖాజా పాషాయే ఒంటికి రెండు దిండ్లు కట్టుకుని దొంగలెక్క ఉరికొచ్చేవాడు, గార్డు కుర్రాళ్ళు నవ్వుతూ మెల్లగా తట్టేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

"ఏందిరా ఆ కొట్టుడు, పెండ్లి పిల్లకు నలుగు పెడ్తాన్రా? ఉరికొచ్చేటోడు చాయ్ తాగనీకి వస్తాండా? ముందు వెయ్యాలె. పేరు తర్వాత అడగొచ్చు."

"ఆపా, జర ఆలోచించు. మాట్లాడితే పోయే కొట్లాటలు కూడ ఉంటయి" అన్నాడు ఖాజా పాషా, దిండ్లు విప్పుకుంటూ.

"చైతన్య డాక్టర్ మాట్లాడిండు కద పాషా భాయ్. ఏమైంది?"

అతను దిండ్లు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏప్రిల్ చివరికి రెండు నిమిషాల్లో పది మంది పైపులు పట్టుకుని వరసగా నిలబడేంత తయారయ్యారు. అందరి పేర్లూ రాసి, ఏర్పాటు అర్థమైందని సంతకాలు తీసుకున్నాను. నర్సులు, ల్యాబువాళ్ళు, ఫార్మసీ, లిఫ్టు, క్యాంటీన్. ఊడ్చేవాళ్ళను మాత్రం రాయలేదు. వాళ్ళకెందుకులే అనుకున్నాను. ఆ లిస్టు నా చేత్తో రాసిందే, ఇంకెవరి మీదా నెట్టలేను.

మే నెలలో ఒక సోమవారం పదకొండు గంటలకు సమ్మమ్మను తీసుకొచ్చారు. మరిపెడ దగ్గర కూలీల ట్రాలీ బోల్తా పడింది. చాలామందికి గీతలే. ఈమె మాత్రం ట్రాలీ అంచు కింద పడింది. యాభై ఐదేళ్ళుంటాయి, పొట్ట గట్టిగా ఉబ్బి ఉంది, పెదవులు తెల్లబడ్డాయి. స్కానింగులో ప్లీహం చిట్లిందని తేలింది. లోపల రక్తం కారిపోతోంది, వెంటనే పొట్ట తెరవాలి. బ్లడ్ గ్రూపు ఓ నెగెటివ్. దొరకడం కష్టమైన రక్తం అది.

కొడుకు భరత్, ముప్ఫై ఏళ్ళవాడు, మరిపెడలో పంక్చర్ షాపు. చేతులకు ఇంకా గ్రీజు మరకలున్నాయి. బ్లడ్‌బ్యాంకు చీటీ నేనే రాసిచ్చాను. "రెండు బాటిళ్ళు గావాలె. ఫోన్ చేసి అడిగిన, ఊరంత కలిపి రెండే ఉన్నయి. ఆపరేషన్ మధ్యల రక్తం అందకపోతే మనిషి దక్కదు బిడ్డా. ఉరుకు" అని చెప్పాను. అతను చీటీ జేబులో పెట్టుకోలేదు, పళ్ళతో పట్టుకుని బండి స్టార్ట్ చేశాడు. చెల్లెలు యమున వెనక కూర్చుంది.

తర్వాత తెలిసింది, అక్కడ బదులు రక్తం ఇమ్మంటే భరత్ తనదే ఇచ్చాడట. అతనిదీ అదే గ్రూపు. ఒక బ్యాగు ముందుగా చేతికొచ్చింది. రెండోది పరీక్ష చేయడానికి అరగంట పడుతుందంటే చెల్లెల్ని అక్కడ కూర్చోబెట్టి, మొదటి బ్యాగును థర్మోకోల్ డబ్బాలో పెట్టుకుని బయల్దేరాడు. ఒంట్లోంచి రక్తం తీయించుకున్నవాడు, ఆ ఎండలో, ఒంటి చేత్తో బండి నడుపుకుంటూ వచ్చాడు.

ఒకటీ నలభైకి రిసెప్షన్ అమ్మాయి అన్నం తినడానికి క్యాంటీన్‌కు వెళ్ళింది. ఐదు నిమిషాలే అనుకుంది పాపం. కౌంటరు ముందు మొగిలమ్మ తడిబట్ట పెడుతోంది. నెల క్రితమే ఊడ్చే పనిలో చేరింది, రెండు గంటలకే ఇంటికి పోయేది కాబట్టి మా డ్రిల్లు ఒక్కటీ చూడలేదు, అంతకుముందు పాతికేళ్ళు సర్కారు దవాఖానలో ఆయాగా చేసింది. ఫోన్ మోగింది. మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది. ఎవరూ లేరని మొగిలమ్మే ఎత్తింది. ఆపరేషన్ థియేటర్‌నుంచి, సర్జన్‌కు సాయంగా ఉన్న చైతన్య. "రక్తమేది? బీపీ పడిపోతాంది. సమ్మమ్మ మనుషుల్ని పిలవండి, తొందరగా!" అని కేకలు. ఒక ప్రాణం పోతోందని ఆ ముసలామెకు అర్థమైంది. మైకు బటన్ నొక్కి, పాతికేళ్ళు పిలిచినట్టే పిలిచింది.

"సమ్మమ్మ తాలూకు ఎవలున్నరు? సమ్మమ్మ తాలూకు! ఉరికిరాండ్రి, జల్ది ఉరికిరాండ్రి!"

నేను క్యాజువాలిటీలో ఒక పిల్లవాడి గడ్డం మీది కుట్లకు మందు పూస్తున్నాను. ఆ మాట చెవిన పడగానే నాలో ఏం జరిగిందో దాచను. సంతోషం కలిగింది. రండ్రా, ఈసారి రండ్రా అనుకున్నాను. చేతిలో ట్రే అక్కడే పడేసి ఉరికాను.

పదిమందీ రెండు నిమిషాలు కూడా తీసుకోలేదు. నేను చేరేసరికి పైపులు చేతుల్లో ఉన్నాయి, వరస కట్టేశారు. క్యాంటీన్‌నుంచి ఉరికొచ్చిన రిసెప్షన్ అమ్మాయి ఎంగిలి చేత్తోనే షట్టరు బటన్ మీద వేలు పెట్టి నిలబడింది. అప్పుడే భరత్ పార్కింగునుంచి లోపలికి ఉరికొచ్చాడు. మైకు బయటికీ వినిపిస్తుంది కదా. తల్లికి ఏమో అయిందనుకున్నాడు. చెమటతో తడిసిపోయి, కళ్ళు ఎర్రబడి, ఛాతీకి ఏదో అదుముకుని, గొంతు చించుకుని అరుస్తూ వచ్చాడు.

"నేనే! నేనే! సమ్మమ్మకు ఏమైంది? ఏం జేసిన్రు మా అవ్వను?"

పొద్దున చీటీ రాసిచ్చిన మొహం నాకు గుర్తు రావాలి. రాలేదు. నాకు కనిపించింది ఉరికొచ్చే మగవాడు, అంతే. వేలు చూపించాను.

"వాడే! వెయ్యుండ్రి!"

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోకాలి మీద. అతను వంగాడు కాని పడలేదు. "అన్నా, అన్నా" అంటున్నాడు. ఒకడు వెనకనుంచి నడుం మీద బాదాడు. ఇంకొకడు చెవి మీద. చెవి చిరిగి రక్తం మెడ మీదికి కారింది. అంత కొడుతున్నా చేతిలోది మాత్రం వదలడు, రెండు చేతులతో ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అతను చేతులు అడ్డం పెట్టుకుంటే సగం దెబ్బలు తప్పేవి. పెట్టుకోలేదు.

"వాని చేతిల ఏందో ఉంది! పెట్రోలేమో!" అని ఎవరో అరిచారు.

"చేతి మీద కొట్టు! కింద పడెయ్యాలె!" అన్నది నేనే.

పైపు అతని కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరగడం నాకు కొత్త కాదు, కాని అంత దగ్గరినుంచి, నేను చెబితే విరగడం అదే మొదలు. చెయ్యి మధ్యలో వంగిపోయింది. డబ్బా కింద పడింది. అతను దాని మీద పడబోతే కాలు పట్టి లాగారు. పది జతల బూట్ల కింద థర్మోకోల్ పటపటలాడింది, లోపలి బ్యాగు చిట్లి ఎర్రగా చిమ్మింది. నా చెప్పుల మీద, తెల్ల ప్యాంటు మీద, అప్పుడే తుడిచిన బండల మీద.

అది అతని రక్తమే అనుకున్నాను ముందు. తర్వాత అంత రక్తం అంత తొందరగా రాదని ఇరవై రెండేళ్ళ అనుభవం చెప్పింది. వంగి చూశాను. తడిసిన చీటీ ఒకటి డబ్బా ముక్కకు అంటుకుని ఉంది. దాని మీద నా చేతిరాతే. సమ్మమ్మ, ఆడ, యాభై ఐదు, ఓ నెగెటివ్.

"ఆపుండ్రి!" అన్నాను. ఆపడానికి ఇంకో మూడు దెబ్బలు పట్టింది. కొట్టమంటే చటుక్కున విన్నవాళ్ళు ఆపమంటే వినరు, ఆ సంగతి నేను డ్రిల్లులో నేర్పలేదు.

భరత్ బోర్లా పడి, ఎడమ చేత్తో బండల మీద రక్తాన్ని దగ్గరికి తీస్తున్నాడు. ఎత్తి మళ్ళీ నింపొచ్చన్నట్టు తీస్తున్నాడు. "మా అవ్వది, మా అవ్వది" అంటున్నాడు. మొగిలమ్మ తడిబట్ట చేతిలో పట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది. "సిస్టరమ్మా, ఆ పిలగాన్ని పిలిచింది నేనే. ఎందుకు కొట్టిన్రు?" అంది. నేను భరత్‌ను ఎత్తించి క్యాజువాలిటీ మంచం మీద పడుకోబెట్టించాను.

షట్టరు అప్పటికే సగం దిగి ఉంది, ఓనరుగారు మేడ మీదినుంచి వచ్చి పూర్తిగా దింపించారు. బయట చెట్టు కింద కూర్చున్న ట్రాలీ కూలీల మనుషులు అంతా చూశారు. ఎవరో ఫోన్లో వీడియో తీసి బ్లడ్‌బ్యాంకులో ఉన్న యమునకు పంపారు. అరగంటలో హనుమకొండలోనే ఉండే వాళ్ళ చుట్టాలు రెండు ఆటోల నిండా దిగారు. మొదటి రాయి షట్టరుకు తగిలినప్పుడు లోపల అందరం ఎగిరిపడ్డాం. తర్వాత రాళ్ళు లెక్కలేకుండా పడ్డాయి. బోర్డు పగిలింది. పార్కింగులో చైతన్య బండి తగలబెట్టారు, ఆ పొగ షట్టరు సందుల్లోంచి లోపలికొచ్చి గొంతులు మండాయి.

"పోలీసులొచ్చేదాక ఎవలు బటన్ ముట్టొద్దు" అన్నారు రాజేశ్వర్ రావు గారు. మొహం పాలిపోయింది. "తాహెరా, నీ ప్లాన్ల అట్లనే ఉంది కద?"

ఉంది. నేనే రాశాను.

ఫోన్ మోగింది. చైతన్య గొంతు ఈసారి చాలా నెమ్మదిగా ఉంది. "సిస్టర్, పైబీపీ యాభై. సెలైన్ తోని ఎంతసేపు నిలబెడతాం? పది నిమిషాలల్ల రక్తం రాకపోతే ఇగ నేను కిందికొచ్చి వాళ్ళకు చెప్పాల్సిందే." ఏం చెప్పాలో అతను అనలేదు. ఫిబ్రవరిలో అన్న రెండు ముక్కలే అవి.

అప్పుడు షట్టరు అవతల అన్ని కేకల మధ్య ఒక ఆడగొంతు వినిపించింది. షట్టరుకు నోరు ఆనించి అరుస్తోంది.

"నేను యమునను. రెండో రక్తం తెచ్చిన. మా అవ్వకు ఎక్కియ్యుండ్రి ముందు. తలుపు తియ్యుండ్రి, మా అవ్వకు ఎక్కియ్యుండ్రి, తర్వాత మిమ్ముల సంపుత!"

అంత నిజాయితీగా బెదిరించిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. నేను బటన్ దగ్గరికి నడిచాను. ఖాజా పాషా నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆపా, వద్దు. తెరిస్తే మనల్ని కొడ్తరు."

"కొట్టనీ పాషా భాయ్. కొట్టేదానికి కారణముంది. పిలగాండ్లను పైపులు కింద పెట్టమను."

"సార్ ఒద్దన్నడు."

"సార్‌కు ఇనుపకొట్టుంది. నాకు ఇదొక్కటే ఉంది."

నాకు ధైర్యం వచ్చిందనుకోకండి.  డ్రెస్సింగ్ రూము తలుపు ఎడమ పక్కనే ఉంది, నాలుగడుగులు. అటే చూస్తూ ఇటు బటన్ నొక్కాను. జానెడెత్తు లేవగానే వేలు తీశాను. సందులోంచి తెల్ల డబ్బా ఒకటి లోపలికి జారింది. నేను దాన్ని మొగిలమ్మ చేతిలో పెట్టి, "లిఫ్టు కోసం ఆగకు అవ్వా, మెట్ల మీద ఉరుకు, మూడో అంతస్తు" అన్నాను. ముసలామె చీర ఎగదోపుకుని ఉరికింది. ఆ వెనకే సందులోకి పది చేతులొచ్చాయి. షట్టరు మెలికలు తిరిగి పైకి లేచింది.

నేను వెళ్ళి మెట్ల మొదట్లో అడ్డంగా నిలబడ్డాను. పైకి ఎవరూ పోకూడదు, థియేటర్‌లో పొట్ట తెరిచి ఉంది. జనం ముందు గార్డుల మీద పడ్డారు. ఖాజా పాషా చేతులు జోడించి నిలబడ్డాడు, ఆ చేతుల మీదే కొట్టారు. కౌంటరు అద్దం పగిలింది. కంప్యూటరు ఎత్తి నేలకేసి కొట్టారు. ఒక వార్డుబాయ్‌ని జుట్టు పట్టి గోడకేసి గుద్దారు. ఎటు చూసినా పైపులే, ఈసారి వాళ్ళ చేతుల్లో ఉన్నాయి.

యమున నా ముందుకొచ్చింది. సన్నగా, నల్లగా, నా కూతురంత ఉంటుంది. భుజానికి స్టీలు నీళ్ళ సీసా వేలాడుతోంది.

"మా అన్నను కొట్టుమన్నది ఎవలు?"

"నేనే. పేరు అడగకుండ కొట్టిచ్చిన. నన్ను కొట్టు. పైకి మాత్రం పోకు బిడ్డా, మీ అవ్వకు రక్తం ఎక్కుతాంది."

ఆమె సీసా విసిరికొట్టింది. కాదు, విసరలేదు, పట్టీ పట్టుకుని తిప్పి కొట్టింది. నిండు సీసా. నా ఎడమ దవడ మీద పడింది. రెండు పళ్ళు నోట్లోనే ఊడాయి. ఇంకోసారి కొట్టింది, కన్ను కింద ఎముక పగిలింది. మూడోసారి ఎత్తి, మెట్ల పైకి చూసి, ఆగింది. కింద కూర్చుని ఏడ్చింది. నేను మెట్ల మీదే పడిపోయాను, రెయిలింగు మాత్రం వదల్లేదు. పోలీసులు వచ్చేదాకా ఆ మెట్లు ఎవరూ ఎక్కలేదు.

సమ్మమ్మ బతికింది.

పోలీస్ స్టేషన్లో రాజేశ్వర్ రావు గారు భరత్ మీద కేసు పెట్టాలని చూశారు. నేను కట్లు కట్టిన మొహంతో వెళ్ళి ఎస్సై ముందు ఎవరు ఎవరిని ముందు కొట్టారో చెప్పాను. నోరు తిరగలేదు, కాగితం మీద రాసిచ్చాను. చివరికి రెండు వైపులా రాజీ అన్నారు. ఓనరుగారు నాతో మాట్లాడటం మానేశారు, నెలాఖరుకు వేరేచోటు చూసుకొమ్మని కబురు పంపారు. ఊడ్చే మొగిలమ్మను తీసేస్తానంటే మాత్రం ఆమె జోలికి పోతే వీడియో నేనే టీవీవాళ్ళకిస్తానన్నాను. ఆమె ఉంది.

ఐదో రోజు సమ్మమ్మను జనరల్ వార్డుకు మార్చారు. ఆమె మందులు నేనే ఇస్తానని పట్టుబట్టి వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద భరత్, కుడిచేతికి పిండికట్టు. తల దగ్గర యమున. తల్లికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. ట్రాలీ పడ్డ దగ్గర కొడుక్కి కూడా దెబ్బ తగిలిందని చెప్పారట. నేను మాత్రల కప్పు, నీళ్ళు పట్టుకుని నిలబడ్డాను. ఆమె నా మొహం చూసింది. ఎడమ కన్ను మూసుకుపోయి, దవడ నల్లబడి, పళ్ళ చోట ఖాళీ.

"అయ్యో బిడ్డా, ఎవలు కొట్టిన్రమ్మా నిన్ను?" అంది. గొంతు ఇంకా పీలగా ఉంది. "నా ఆడిబిడ్డ సుత ఇట్లనే దెబ్బలు తిని వచ్చేది. ఆడిపిల్లను గిట్ల కొట్టిన చేతులు పడిపోను. పుండయి రాలిపోను."

యమున చేతులు వెనక్కి పెట్టుకుంది. భరత్ కిటికీ వైపు తిరిగాడు. నేను ఊరుకోవచ్చు. మెట్ల మీద జారి పడ్డానంటే ఆమె నమ్మేది, నా తల నిమిరేది కూడా. ఐదు రోజులుగా ఎవరూ నన్ను ప్రేమగా ఒక్క మాట అనలేదు, నాకు ఆ నిమురుడు కావాలనిపించింది. కాని ఆ శాపం పడాల్సిన చేతుల మీద పడలేదు.

"నన్ను కొట్టినామెకు కారణముంది అవ్వా. ముందు కొట్టిచ్చింది నేను. నీ కొడుకు చెయ్యి ట్రాలీ కింద ఇరగలే. నేను చెప్పి ఇరగ్గొట్టిచ్చిన. నీకోసం తెచ్చిన రక్తం నా కాళ్ళ కిందనే పోయింది."

సమ్మమ్మ భరత్ కట్టు వైపు చూసింది. "నిజమేనారా?" అంది. అతను తలూపాడు. ఆమె నన్ను తిట్టలేదు, శపించలేదు. నోటి దగ్గర పెట్టిన మాత్రల కప్పును వేలితో మెల్లగా పక్కకు జరిపి, మొహం గోడవైపు తిప్పుకుంది.

డిశ్చార్జి అయ్యేదాకా ఇంకా తొమ్మిది రోజులుంది. పూటపూటకూ వెళ్ళాను. ఒక్క మాత్ర కూడా నా చేతినుంచి తీసుకోలేదు. పక్క వార్డు సిస్టర్ ఇస్తే మింగింది.